మీ ఊరి రైతు సాయం ఎవరి ఖాతాల్లో పడుతోందో తెలుసుకోవడం ఎలా?

సాయం డబ్బులు జమ అయిన రోజున ఊళ్లో మొదట వినిపించే ప్రశ్న "నీకు పడ్డాయా?" అన్నది. రెండో ప్రశ్నను కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: "వాళ్లకెట్లా పడ్డాయి?" మొదటి ప్రశ్నకు ఫోనుకు వచ్చిన సందేశమే జవాబు చెబుతుంది. రెండోదానికి మాత్రం ఎవరికి తోచింది వారు చెబుతారు. కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే ఆ చెప్పినవాటిలో చాలా మాటలు నిలబడవు. ఎవరూ అనుమానించని చోట మాత్రం అసలు సంగతి బయటపడుతుంది. ఆ రెండో ప్రశ్నకు ప్రభుత్వ జాబితాలు, భూమి రికార్డులు, సమాచార హక్కు చట్టం ఆధారంగా మీరే జవాబు రాబట్టుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ ఈ పద్ధతి పనికొస్తుంది. తేడా ఉన్న చోట ఆ సంగతి చెబుతాను.

ముందుగా ఊరి హద్దు తేల్చుకోండి

పని మొదలుపెట్టేముందు ఒక రెవెన్యూ గ్రామాన్ని, ఒక పంట కాలాన్ని ఎంచుకోండి. మండలమంతా ఒకేసారి చూద్దామని కూర్చున్నవారు రెండో రోజుకే కాగితాలు పక్కన పడేస్తారు. రెవెన్యూ గ్రామం వేరు, పంచాయతీ వేరు అన్న సంగతి ఇక్కడ ముఖ్యం. ఒకే రెవెన్యూ గ్రామం కింద మూడు నాలుగు పంచాయతీలు, వాటి శివారు పల్లెలు, తండాలు ఉండవచ్చు. మీరు పుట్టినప్పటి నుంచి పిలుస్తున్న మీ ఊరి పేరు రెవెన్యూ రికార్డులో అసలు లేకపోవచ్చు. భూమి రికార్డులన్నీ రెవెన్యూ గ్రామం పేరు మీదే నడుస్తాయి కాబట్టి పాసు పుస్తకం తెరిచి అందులో గ్రామం గడిలో ఏముందో చూసి, ఆ పేరునే అన్ని చోట్లా వాడండి.

తర్వాత ఒక పొడవాటి నోటు పుస్తకం తీసుకుని, పేజీకి ఎనిమిది గడులు గీయండి: పట్టాదారు పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఖాతా నంబరు (బ్యాంకుది కాదు, పాసు పుస్తకంలోని భూమి ఖాతాది), విస్తీర్ణం, కేంద్ర సాయం, రాష్ట్ర సాయం, నిజంగా సాగు చేస్తున్నది ఎవరు, చివరగా వివరాలు. ఏడో గడి నిండాలంటే పొలానికి వెళ్లాలి, మిగిలినవి కూర్చున్న చోటనే నిండుతాయి. కంప్యూటరులో పట్టిక వేసుకోగలిగినవారు అలాగే వేసుకోవచ్చు కానీ, గట్టు మీద నిలబడి రాసుకోవడానికి పుస్తకాన్ని మించినది లేదు.

ఏ పథకం డబ్బు ఎవరి కోసం వస్తుంది

జాబితా చూసేముందు నిబంధన తెలియాలి. నిబంధన తెలియకుండా జాబితా చూస్తే ప్రతి పేరూ అన్యాయంగానే కనిపిస్తుంది.

కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ సాయం 2018 డిసెంబరు 1 నుంచి లెక్కలోకి వచ్చింది, 2019 ఫిబ్రవరి 24న లాంఛనంగా మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలను 2,000 చొప్పున మూడు విడతలుగా ఇస్తారు. మొదట రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్నవారికే పరిమితమైన ఈ పథకాన్ని 2019 జూన్ నుంచి భూమి ఉన్న రైతు కుటుంబాలన్నింటికీ విస్తరించారు. ఇక్కడ కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. ఎకరం ఉన్నా పదెకరాలు ఉన్నా కుటుంబానికి అందేది అదే ఆరువేలు. అయితే గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారు, నాలుగో తరగతి సిబ్బంది మినహా ఉద్యోగంలో ఉన్న, పదవీ విరమణ చేసిన ప్రభుత్వ ఉద్యోగులు, నెలకు పదివేలు లేదా అంతకంటే ఎక్కువ పింఛను పొందేవారు, మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, వృత్తిలో ఉన్న డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు వంటివారు అనర్హులు. అన్నిటికంటే ఎక్కువ మందికి తెలియని షరతు మరొకటి ఉంది: భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికే తమ పేరిట ఉండాలి. ఆ తర్వాత కొనుక్కున్నవారికి ఈ సాయం రాదు. పట్టాదారు చనిపోయి వారసత్వంగా భూమి సంక్రమించినవారికి మాత్రమే మినహాయింపు ఉంది. 2021లో కష్టపడి రెండెకరాలు కొన్న రైతు తన పేరు జాబితాలో లేదని బాధపడుతుంటే, ఆ లోపం ఏ గుమాస్తాదీ కాదని, నిబంధనే అలా ఉందని ముందే తెలిసి ఉండటం మంచిది.

తెలంగాణలో రాష్ట్ర సాయం స్వభావమే వేరు. 2018 మే 10న హుజూరాబాద్ ప్రాంతంలో ఎకరాకు, పంటకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు మరుసటి ఏడాదే 5,000కు పెరిగింది. 2025 జనవరి 26 నుంచి దాని స్థానంలో వచ్చిన రైతు భరోసాలో ఎకరాకు పంటకు 6,000, అంటే ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తున్నారు. ఇక్కడ లెక్క కుటుంబానికి కాదు, ఎకరాకు. అందువల్ల భార్యాభర్తలిద్దరికీ పాసు పుస్తకాలుంటే ఇద్దరి ఖాతాల్లోనూ పడుతుంది. ఆదాయపు పన్ను కట్టేవారిని పక్కన పెట్టే వడపోత లేదు. సాగుకు పనికిరాకుండా ప్లాట్లుగా, రోడ్లుగా, పరిశ్రమలుగా, గనులుగా మారిన భూములను మాత్రం తొలగించాలని నిబంధనల్లో ఉంది. పదిన్నర ఎకరాల ఆసామికి ఒక పంటకు 63,000 రూపాయలు వస్తే, అర ఎకరం రైతుకు 3,000 వస్తాయి. ఇద్దరికీ నిబంధన ఒకటే, చేతికందే సొమ్ములో ఇరవై ఒక్క రెట్ల తేడా.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలంలో మొదలైన అన్నదాత సుఖీభవ కింద రైతు కుటుంబానికి ఏడాదికి 20,000 రూపాయలు అందుతాయి. అందులో కేంద్రం వాటా 6,000, రాష్ట్రం వాటా 14,000. తొలి విడతలో రాష్ట్రం 5,000, కేంద్రం 2,000 కలిపి సుమారు 46.85 లక్షల కుటుంబాలకు ఏడేసి వేలు జమ చేశారు. ఇది ఎకరా లెక్క కాదు కాబట్టి, ఎకరం రైతుకు ఎకరాకు 20,000 పడినట్లు, పదెకరాల రైతుకు ఎకరాకు 2,000 పడినట్లు అవుతుంది. అంతకుముందు 2019 అక్టోబరు నుంచి నడిచిన వైఎస్సార్ రైతు భరోసాలో ఇదే పద్ధతిన కేంద్ర సాయంతో కలిపి 13,500 ఇచ్చేవారు. నది దాటితే చాలు, అదే విస్తీర్ణానికి అందే సొమ్ము మారిపోతుంది. సరిహద్దు మండలాల్లో రెండు వైపులా భూమి ఉన్నవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

పీఎం కిసాన్ జాబితా తీయడం

ఇది అన్నిటికంటే సులువైన మెట్టు, ఎవరి అనుమతీ అక్కరలేదు. పీఎం కిసాన్ అధికారిక వెబ్‌సైటు తెరిచి, రైతుల విభాగంలో లబ్ధిదారుల జాబితా అన్న చోట నొక్కండి. రాష్ట్రం, జిల్లా, ఉప జిల్లా, బ్లాకు, గ్రామం ఎంచుకుంటే పేర్లు వరుసగా వస్తాయి. మీ గ్రామం కనబడకపోతే కంగారు పడవద్దు. తెలంగాణ జిల్లాలను 2016లోను, 2019లోను, ఆంధ్రప్రదేశ్ జిల్లాలను 2022 ఏప్రిల్‌లోను పునర్విభజించారు. కొన్ని ఊళ్లు పాత జిల్లా, పాత మండలం కింద ఉండిపోయే అవకాశం ఉంది కాబట్టి అక్కడ కూడా వెతకండి. పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. ఒకే వెంకటేశ్వర్లును నాలుగు రకాలుగా రాస్తారు, ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక వస్తుంది. అందుచేత పేరును కంటితో పోల్చడం కాకుండా పైకి చదువుతూ పోల్చండి. ఊరి పెద్దవారిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఎవరెవరో వెంటనే చెబుతారు. నాకు ఈ పనిలో ఎక్కువగా సాయపడింది కంప్యూటరు కాదు, ఊరందరి ఇంటిపేర్లు నోటికి వచ్చిన ఒక పెద్దావిడ.

ఈ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఆ విడత డబ్బు చేరిందని అర్థం కాదు. ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) పూర్తికాకపోవడం, భూమి వివరాలు అనుసంధానం కాకపోవడం, బ్యాంకు ఖాతాకు ఆధార్ జతపడకపోవడం అనే మూడు కారణాల్లో ఏదో ఒకదానివల్ల పేరున్నా సొమ్ము ఆగిపోతుంది. ఒక్కొక్కరి చెల్లింపు స్థితిని చూడాలంటే వారి రిజిస్ట్రేషన్ నంబరు, వారి ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. అది వారు ఇష్టపడి చూపిస్తేనే చూడండి. ఓటీపీ అడిగే ప్రతివాడినీ అనుమానించాలని ఊళ్లో వాళ్లకు మనమే చెబుతూ, మనమే ఇంటింటికీ తిరిగి ఓటీపీ అడగడం బాగుండదు.

రాష్ట్ర జాబితా ఎక్కడ దొరుకుతుంది

తెలంగాణలో అయితే మీ క్లస్టరు రైతు వేదికలో కూర్చునే వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గర గ్రామాల వారీగా జాబితా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకుణ్ణి అడగాలి. అర్హుల, అనర్హుల జాబితాలను అక్కడ చూపించి అభ్యంతరాలు తీసుకునే పద్ధతి ఉంది. మర్యాదగా అడిగితే చూడనిచ్చేవారు చాలామందే ఉంటారు, నకలు ఇమ్మంటే వెనకాడతారు. చూడనిచ్చిన చోట చూసి రాసుకోండి. ఇవ్వనన్న చోట వాదించి ప్రయోజనం లేదు, సమాచార హక్కు దరఖాస్తు దాకా ఆగండి. పంటల హడావుడిలో, యూరియా లారీ వచ్చిన రోజున అసలు వెళ్లకండి.

భూమి రికార్డుతో పోల్చడం

ఇక్కడ తొందరపడితే మొత్తం లెక్క తప్పుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి వెబ్‌సైటులో గ్రామ అడంగల్, 1-బి నమూనా దొరుకుతాయి. 1-బిలో ఎవరి పేరిట మొత్తం ఎంత భూమి ఉందో ఖాతా నంబరు వారీగా తెలుస్తుంది. అడంగల్‌లో సర్వే నంబరు వారీగా రెండు పేర్లు పక్కపక్కన ఉంటాయి: ఒకటి పట్టాదారు, రెండోది అనుభవదారు, అంటే ఆ భూమిని సాగు చేసుకుంటున్నవారు. ఈ రెండు గడుల్లోనూ ఒకే పేరు ఉంటే కాగితం ప్రకారం యజమానే సాగు చేస్తున్నాడు. చాలా చోట్ల కౌలుకిచ్చిన భూమికి కూడా రెండింటిలోనూ యజమాని పేరే ఉంటుందన్న సంగతి మనసులో పెట్టుకోండి.

తెలంగాణలో 2017 సెప్టెంబరులో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన తర్వాత, 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి అనే భూమి రికార్డుల వెబ్‌సైటులో అనుభవదారు గడిని తీసేశారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అందుచేత ధరణి కాలపు రికార్డు చూసి సాగుదారు ఎవరో చెప్పలేరు. 2017కు ముందటి కాగితపు పహాణీ (అడంగల్ లాంటి సాగు రికార్డు) నకళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే జాగ్రత్తగా చూడండి. అందులోని పాత అనుభవదారు పేర్లలో కొందరు నేటికీ అదే చెలక దున్నుతూ కనిపిస్తారు.

విస్తీర్ణం చదవడంలో ఒక చిన్న కిటుకు ఉంది. ఆంధ్రప్రదేశ్ రికార్డులో 3.20 అంటే మూడెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి నూరు సెంట్లు కాబట్టి అది దశాంశమే. తెలంగాణ రికార్డులో 3.20 అంటే మూడెకరాల ఇరవై గుంటలు; ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది మూడున్నర ఎకరాలు. ఈ తేడా మరచి 3.2ను ఆరువేలతో గుణిస్తే 19,200 వస్తుంది, నిజంగా పడాల్సింది 21,000. "పద్దెనిమిది వందలు ఎక్కువ తీసుకున్నాడు" అని ఒక అమాయకుడి మీద ఊళ్లో మాట పుట్టడానికి ఈ ఒక్క చుక్క చాలు. లెక్క వేసేముందు గుంటలను నలభైతో భాగించి రాసుకోండి.

ఇప్పుడు మూడు జాబితాలనూ పక్కపక్కన పెట్టండి. తెలంగాణలో రాష్ట్ర సాయం వచ్చి కేంద్ర సాయం రానివారు కనిపిస్తే, వారు పన్ను కట్టేవారో, ఉద్యోగులో, 2019 తర్వాత భూమి కొన్నవారో అయి ఉంటారు, వెంటనే తప్పుపట్టనక్కరలేదు. ఒకే ఇంట్లో భర్త, భార్య ఇద్దరి పేర్లూ పీఎం కిసాన్‌లో ఉంటే ప్రశ్నించదగ్గ విషయమే. చనిపోయినవారి పేరు కనిపిస్తే, విరాసత్ (వారసుల పేరిట భూమి మార్చడం) ఇంకా జరగలేదని చాలాసార్లు అర్థం. డబ్బు ఎవరూ తీయకుండా ఖాతాలోనే ఉండిపోయి ఉండవచ్చు కూడా. ఇళ్ల స్థలాలుగా మారిన సర్వే నంబరుకు పంట సాయం వస్తుంటే, ఆ నంబరును ఎర్ర సిరాతో రాసుకోండి.

పొలం గట్టు మీద

ఏడో గడి నింపడానికి పొద్దున్నే బయల్దేరండి. సర్వే నంబర్ల పటం చేతిలో ఉంటే మంచిది, లేకపోతే ఊరి నీరటికాడు గాని పశువుల కాపరి గాని తోడుంటే పటం అక్కరలేదు. ప్రతి చేను దగ్గరా ఒక్క ప్రశ్నే అడగండి: "ఈ పంట ఎవరిది?" భూమి ఎవరిదని అడగవద్దు. ఆ ప్రశ్నకు కౌలు రైతు భయపడతాడు, ఆసామి పేరు చెప్పి ఊరుకుంటాడు. పంట ఎవరిదంటే తనదని చెబుతాడు. ఆ తర్వాత మాటల్లో కౌలు ఎంతో, ముందే కట్టాడా, పంట చేతికొచ్చాక బస్తాల లెక్కన ఇస్తాడా అన్నవి వాటంతటవే వస్తాయి.

సాయం డబ్బులో పైసా అయినా చేతికొచ్చిందా అన్నది మాత్రం చివర అడగండి. కొన్ని చోట్ల ఆసామి సాయం తనకు వస్తోందని కౌలు కొంత తగ్గిస్తాడు. కొన్ని చోట్ల, సాయం వచ్చేది పాసు పుస్తకానికే గనుక, కౌలు రైతుకు ఒరిగేదేమీ ఉండదు. పీఎం కిసాన్ నిబంధనల్లో కౌలు రైతుకు చోటే లేదు. తెలంగాణలో రైతుబంధు కౌలుదారుకు వర్తించలేదు. ఆ తర్వాత వచ్చిన రైతు భరోసా సొమ్ము కూడా పట్టాదారుల, పోడు (అటవీ భూమి సాగు) పట్టాలున్నవారి ఖాతాల్లోకే వెళుతోంది. భూమి లేని ఉపాధి కూలీ కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పేరిట ఏడాదికి 12,000 రూపాయలు అదే రోజున మొదలైనా, దానికి కొలమానం ఉపాధి పనిలో చేసిన రోజులే తప్ప కౌలు సాగు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల కౌలు కార్డు ఇస్తారు. ఆ కార్డు వస్తే సాయానికీ, పంట రుణానికీ దారి ఉంటుంది. కానీ ఆ ఒప్పంద పత్రం మీద యజమాని సంతకం కావాలి. కార్డు వల్ల భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని చట్టంలో స్పష్టంగా ఉన్నా, సంతకం పెడితే చేను పోతుందేమోనన్న భయం ఆసామిని వదలదు. గట్టు మీద నిలబడి "కార్డు ఎందుకు తీసుకోలేదు?" అని అడిగితే మీకు ఎక్కువగా వినిపించే జవాబు ఇదే: "సంతకం అడిగితే వచ్చే ఏడు కౌలుకే ఇవ్వడు."

ఒక ఊళ్లో ఇలా తిరిగినప్పుడు, వరుసగా ఉన్న నాలుగు చేలలో పట్టాదారు నలుగురూ పట్నంలోనే ఉంటారని, నాలుగింటినీ ఒకే కుటుంబం దున్నుతోందని తేలింది. నా పుస్తకంలో నాలుగు వరుసలకూ సాయం గడి నిండి ఉంది. సాగుదారు గడిలో నాలుగుసార్లూ ఒకే పేరు రాయవలసి వచ్చింది, ఆ పేరు మాత్రం ఏ జాబితాలోనూ లేదు.

జాబితా లేని రాయితీలు

ఖాతాలో పడే డబ్బుకే పేర్లుంటాయి. ఎరువు, కరెంటు రాయితీలకు ఊరి పేరు మీద ఏ జాబితా ఉండదు, అయినా అవి చిన్నవేమీ కావు. 45 కిలోల యూరియా బస్తాను రైతు 266.50 రూపాయలకు కొంటున్నాడంటే మిగతా ఖర్చును కేంద్రం నేరుగా ఎరువుల కంపెనీకి చెల్లిస్తోంది. దుకాణంలో వేలిముద్ర యంత్రం మీద అమ్మకం నమోదైతేనే కంపెనీకి ఆ సొమ్ము విడుదలవుతుంది. ఆ యంత్రం నుంచి వచ్చే రసీదు మీద పేరు, బస్తాల సంఖ్య ఉంటాయి. ఆసక్తి ఉంటే పదిమంది దగ్గర రసీదులు చూసి, భూమి విస్తీర్ణంతో పోల్చండి. ఇక్కడ కౌలు రైతుకు అన్యాయం తక్కువే, ఎందుకంటే వేలిముద్ర వేసేది సంచి మోసుకెళ్లేవాడే.

కరెంటుకు వస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే నుంచి సాగుకు ఉచిత విద్యుత్తు ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలు ఇవ్వడం మొదలుపెట్టారు. పంపుసెట్లకు చాలావరకు మీటర్లు లేవు కాబట్టి ఎవరు ఎన్ని యూనిట్లు వాడారో ఎవరికీ తెలియదు. విద్యుత్తు పంపిణీ సంస్థలు (డిస్కంలు) అంచనా లెక్కలు వేసి ప్రభుత్వం నుంచి సబ్సిడీ తీసుకుంటాయి. మీ నోటు పుస్తకంలో దీనికి రూపాయల్లో అంకె వేయబోకండి. ఎవరి చేలో ఎన్ని బోర్లు ఉన్నాయో, ఎన్ని హెచ్‌పీ మోటార్లో రాసుకుంటే చాలు. బోరు లేని మెట్ట రైతుకు ఈ రాయితీలో వాటా సున్నా అన్న సంగతి అప్పుడు కంటికి కనిపిస్తుంది. తెలంగాణలో సన్న వడ్లకు క్వింటాలుకు ఇచ్చే 500 రూపాయల బోనస్‌ది మరో దారి: కొనుగోలు కేంద్రంలో ఎవరి పాసు పుస్తకం మీద ధాన్యం తూశారో వారి ఖాతాలోనే పడుతుంది, అది ఆసామిది కావచ్చు.

సమాచార హక్కు దరఖాస్తు

అడిగి తెలుసుకోలేనిది చట్టం ద్వారా అడగవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)లోని 12వ అంశం ప్రకారం సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన సొమ్ము, లబ్ధిదారుల వివరాలను ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే ప్రకటించాలి. దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై స్థాయికి 10 రూపాయలు. తెల్లరేషన్ కార్డుదారులకు ఆ రుసుము కూడా అక్కరలేదు. మండల వ్యవసాయాధికారి కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారిని ఉద్దేశించి ఇలా రాయండి:

"అయ్యా, మా మండలంలోని ఫలానా రెవెన్యూ గ్రామానికి సంబంధించి, ఫలానా పంట కాలంలో పెట్టుబడి సాయం పొందిన పట్టాదారుల పేర్లు, ఖాతా నంబరు వారీగా విస్తీర్ణం, ఒక్కొక్కరికి మంజూరైన మొత్తం, అనర్హులుగా తొలగించిన వారి సంఖ్య, తొలగింపునకు కారణాలు, సాగుకు యోగ్యం కాదని తొలగించిన సర్వే నంబర్ల జాబితా ఇప్పించగలరు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబర్లు నాకు అవసరం లేదు. ఈ సమాచారం మరో కార్యాలయంలో ఉన్న పక్షంలో సెక్షన్ 6(3) ప్రకారం ఈ దరఖాస్తును అయిదు రోజుల్లో అక్కడికి బదిలీ చేయగలరు."

"ఆధార్ నంబర్లు అవసరం లేదు" అన్న వాక్యాన్ని తప్పక రాయండి. వ్యక్తిగత సమాచారం అన్న పేరుతో సెక్షన్ 8(1)(జె) కింద తిరస్కరించడం ఎప్పటినుంచో ఉన్నదే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తెచ్చిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చాక ఆ మినహాయింపు మరింత విస్తృతమైంది. అయినా సెక్షన్ 4లోని లబ్ధిదారుల ప్రకటన నిబంధన అలాగే ఉంది, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చన్న సెక్షన్ 8(2) కూడా అలాగే ఉంది. అప్పీలులో ఈ రెండింటినీ ప్రస్తావించండి. పేర్లు ఇవ్వబోమంటే, పేర్లు తీసేసి విస్తీర్ణం వారీగా ఎంతమందికి ఎంత ఇచ్చారో చెప్పమని అడగండి: ఎకరం లోపు ఎందరు, ఎకరం నుంచి అయిదు దాకా ఎందరు, అయిదు నుంచి పది దాకా ఎందరు, పదెకరాల పైన ఎందరు. ఊరి డబ్బు ఎటు వాలుతోందో చూడటానికి ఈ నాలుగు అంకెలే చాలాసార్లు సరిపోతాయి.

ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది తృప్తిగా లేకపోయినా మరో ముప్పై రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవాలి. అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తు ఇచ్చిన రోజునే ఈ తేదీలు లెక్కగట్టి నోటు పుస్తకం అట్ట వెనుక రాసుకోండి, అందిన రసీదును అక్కడే అంటించండి.

తేలినదాన్ని ఏం చేయాలి

అర్హత ఉండి రానివారి పేర్లను ముందు పట్టించుకోండి, ఎందుకంటే వారికి వెంటనే ఉపయోగం. పీఎం కిసాన్ విషయంలో 155261కు ఫోను చేయవచ్చు, ఈ-కేవైసీ అయితే మీసేవ లేదా కామన్ సర్వీస్ సెంటరులో వేలిముద్రతో పూర్తి చేయించవచ్చు. అన్నదాత సుఖీభవ ఫిర్యాదులను రైతు సేవా కేంద్రంలోను, 155251 నంబరులోను తీసుకుంటారు. రైతు భరోసా విషయంలో విస్తరణ అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అక్కడ కదలిక లేకపోతే కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. చనిపోయిన పట్టాదారు వారసులకు ముందు విరాసత్ చేయించుకోమని చెప్పండి. అది కాకుండా ఏ సాయమూ మళ్లదు.

అనర్హులనిపించే పేర్ల విషయంలో ఒక జాగ్రత్త పాటించండి. జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. పేరు కాకుండా సర్వే నంబరును, నిబంధనను పేర్కొంటూ మండల అధికారికి రాయండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. పొరపాటున తీసుకున్నవారు తిరిగి కట్టేయాలనుకుంటే పీఎం కిసాన్ వెబ్‌సైటులోనే ఆ వీలు ఉంది. ఆ మాట వారి చెవిన ఏకాంతంగా వేస్తే కొందరు నిజంగానే కట్టేస్తారు.

కౌలు రైతుల గడిని మాత్రం ప్రతి పంట కాలంలోనూ కొత్తగా నింపాలి. కౌలుదారు ఏటా మారతాడు, ఒక్కోసారి ఖరీఫుకూ రబీకీ మధ్యే మారతాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారు ఈ-పంట నమోదు (ఏ చేలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం రాసుకోవడం) జరిగే రోజులు తెలుసుకుని, సాగుదారు పేరు అక్కడ ఎవరిది రాస్తున్నారో గట్టు మీద నిలబడే చూడండి. నమోదు ముగిశాక దిద్దించుకోవడం కష్టం.